నాన్నకి చెప్పకుండా తోట అమ్మి క్యాన్సర్ వ్యాక్సిన్ వేయించాలా?

ముందు ఉత్తరంలో ఏముందో చెప్తాను, గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

రాసినావిడకి 33 ఏళ్ళు, రాజమండ్రిలో ఉద్యోగం, పుట్టిల్లు కోనసీమలో అంబాజీపేట వైపు ఒక ఊరు. నాన్నగారికి 58. ఎకరంన్నర కొబ్బరి తోట, అందులో అంతరపంటగా కోకో, అరటి. ఏడాది పాటు మోషన్‌లో రక్తం పడుతుంటే మొలలనుకుని నాటు మందు వాడారు. చివరికి మనిషి పాలిపోయి ఓ కొబ్బరి దింపు రోజున తోటలోనే కళ్ళు తిరిగి పడిపోతే అప్పుడు కొలనోస్కోపీ (పేగు లోపల కెమెరాతో చూసే పరీక్ష) చేయించారు. పెద్దపేగు ఎడమవైపు క్యాన్సర్. ఆపరేషన్ అయింది. బయాప్సీ రిపోర్ట్‌లో పీటీ3 ఎన్1బీ అని, 17 గ్రంథుల్లో 3 గ్రంథులకి పాకిందని ఉంది, అంటే మూడో స్టేజ్, లివర్‌కీ ఊపిరితిత్తులకీ పోలేదు. 8 సైకిల్స్ కీమో అన్నారు, ఆక్సాలిప్లాటిన్ సెలైన్, దాంతోపాటు 14 రోజులు కాపెసైటబిన్ మాత్రలు. మూడు సైకిల్స్ అయ్యాయి. చన్నీళ్ళు ముట్టుకుంటే కరెంట్ షాక్ కొట్టినట్టుంది, అరికాళ్ళు ఎర్రబడి తోలు ఊడుతోంది, చెప్పుల్లేకుండా తోటలో తిరిగే మనిషి ఇప్పుడు అరుగు దిగట్లేదు. ఆయనకి జబ్బు పేరు చెప్పలేదు, పేగులో పుండు తీసేశారు, మళ్ళీ రాకుండా సెలైన్లు అని చెప్పారు.

అన్నయ్య 9 ఏళ్ళు మస్కట్‌లో చేసి ఈమధ్యే వచ్చేశాడు. రష్యా వాళ్ళు క్యాన్సర్‌కి వ్యాక్సిన్ కనిపెట్టారు, నూటికి నూరు శాతం పనిచేస్తుంది అని వాట్సాప్‌లో వచ్చిన వీడియో పట్టుకుని ఒక ఏజెంట్‌ని కలిశాడు. వేరే రాష్ట్రంలో ఏదో క్లినిక్, డెండ్రిటిక్ సెల్ వ్యాక్సిన్ అని 6 ఇంజెక్షన్లు, 14 లక్షలు, సగం ముందే కట్టాలి. కీమో ఇమ్యూనిటీని చంపేస్తుంది కాబట్టి అది ఆపేసి పది రోజుల్లో వచ్చేయమన్నారట. అరెకరం తోట అమ్ముదాం, బ్యాంక్ లోన్ రెన్యువల్ కాగితాలని చెప్పి నాన్న సంతకం తీసుకుందాం అంటున్నాడు. అమ్మేమో ఏం చేసినా ఆయనకి పేరు మాత్రం చెప్పొద్దు, గుండె ఆగిపోతుంది అంటోంది. మావయ్య కీమో, వ్యాక్సిన్ రెండూ చేయించండి గొడవ వదిలిపోతుంది అన్నాడు. ఈవిడ వద్దంటే వదిన ఆ మాట అనేసింది, "ఆడపడుచు తోటలో వాటా కోసం అడ్డం పడుతోంది" అని. ఉత్తరం చివర ఇలా అడిగారు: "ఆ వ్యాక్సిన్ అబద్ధమని అన్నయ్యకి ఎలా నిరూపించాలి? లేకపోతే నేనే పొరపాటు పడుతున్నానా? రేపు నాన్నకి ఏదన్నా అయితే నీవల్లే అంటారు కదండీ."

ఇక నా జవాబు.

అమ్మా, మీరడిగింది వ్యాక్సిన్ నిజమా కాదా అని. దాని గురించి వివరంగానే చెప్తాను, ఇది మీ అన్నయ్యగారు కూడా చదవాలి కాబట్టి. కానీ ఉత్తరం మధ్యలో మీరు ఒక సంగతి గబగబా రాసేసి ముందుకెళ్ళిపోయారు, నేను అక్కడే ఆగిపోయా. ఏడో క్లాసు చదివే మీ మేనల్లుడు మీతో చెప్పాడు కదా, తాతయ్య ఖాళీ అయిన మాత్రల షీటు ఇచ్చి దీని మీద పేరు ఫోన్లో కొట్టి ఏముందో చదవరా అన్నారని, వాడు చదివాడని, ఆయన విని "సరేలే, నానమ్మకి చెప్పకు" అన్నారని.

ఆయనకి తెలుసమ్మా. జబ్బు పేరు తెలుసు, మీరు దాస్తున్నారనీ తెలుసు, మీ అమ్మగారు తట్టుకోలేరని ఆయన కూడా దాస్తున్నారు. నేను డాక్టర్ని కాను, క్యాన్సర్ వార్డులో రోగుల ఇంటివాళ్ళతో మాట్లాడే పని 11 ఏళ్ళు చేశాను, ఇలాంటి ఇళ్ళు చాలా చూశాను. కీమో హాల్లో పక్క మంచం మీదున్న మనిషి "మీకెక్కడండీ" అని అడుగుతాడు, బోర్డు మీద ఆంకాలజీ అని ఉంటుంది, పక్కాయన జుట్టు ఊడిపోయి ఉంటుంది, 58 ఏళ్ళు లోకం చూసిన రైతుకి ఆ మాత్రం అర్థం కాదంటారా? ఇప్పుడు మీ ఇంట్లో అయిదుగురు ఆయన ఒంటి గురించీ ఆయన తోట గురించీ వాదించుకుంటున్నారు, ఆ ఒళ్ళూ ఆ తోటా ఎవరివో ఆ మనిషిని తప్ప అందర్నీ అడిగారు. ఈ సంగతికి మళ్ళీ వస్తాను.

వ్యాక్సిన్ సంగతి. అన్నయ్యగారు పూర్తిగా గాల్లో మాట్లాడట్లేదు, ముందు అది మీరు ఒప్పుకోవాలి. క్యాన్సర్ వచ్చిన తర్వాత దాన్ని తగ్గించడానికి ఇచ్చే వ్యాక్సిన్ అనేది నిజంగా ఉంది. ఆడపిల్లలకి వేయించే హెచ్‌పీవీ టీకా, హెపటైటిస్ బీ టీకా ఇవి వేరు, అవి వైరస్‌ని అడ్డుకుని దాంతో వచ్చే క్యాన్సర్ రాకుండా చూస్తాయి, వచ్చేశాక తగ్గించవు. మనం మాట్లాడేది వచ్చేశాక ఇచ్చేది.

అది ఎలా పనిచేస్తుందో మన పొలం భాషలో చెప్తా. వరి చేలో ఊద అనే కలుపు మొలుస్తుంది చూడండి, చిన్నప్పుడు అచ్చం వరిలాగే ఉంటుంది, కొత్తగా కలుపుకి వచ్చిన మనిషైతే దాన్ని వదిలేసి వరి పీకేస్తుంది. ఎరిగున్న మనిషి మాత్రం ఆకు కాండాన్ని అంటుకునే చోట చూస్తుంది, వరికి అక్కడ పల్చటి పొర ఉంటుంది, ఊదకి ఉండదు. క్యాన్సర్ కణం కూడా మన ఒంటి కణమే, కాస్త మారిన కణం, అందుకే మన రోగనిరోధక కణాలు మనదే కదా అని దాన్ని వదిలేస్తాయి. ఆ మారిన చోటు, ఆ చిన్న తేడా ఏదో కనిపెట్టి, ఇదిగో ఇది ఉన్నదాన్నే పీకండి అని ఆ కణాలకి నేర్పించడమే ఈ వ్యాక్సిన్ పని. చిక్కేంటంటే ఈ తేడాల్లో ఎక్కువ భాగం ఏ మనిషి గడ్డలో ఆ మనిషివే ఉంటాయి, మీ నాన్నగారి గడ్డలో ఉన్న తేడా పక్క మంచం ఆయనకి ఉండకపోవచ్చు. అందుకే ఇప్పుడు గట్టిగా పరిశోధన జరుగుతున్నవి మనిషి మనిషికీ విడిగా తయారుచేసేవి. ఆపరేషన్‌లో తీసిన గడ్డ ముక్కలో జన్యువులు చదివి, ఆ మనిషి రక్తంతో పోల్చి, తేడాలు ఏరి, ఆ తేడాల్ని ఒంటికి చదివి వినిపించే చీటీ లాంటి ఎంఆర్ఎన్ఏ తయారుచేస్తారు, దానికి వారాలు పడుతుంది. కోవిడ్ టీకాల్లో వాడిన పద్ధతే, దానికి దారి వేసిన కారికో, వైస్‌మన్ అనే శాస్త్రవేత్తలిద్దరికీ 2023లో నోబెల్ వచ్చింది.

ఫలితాలు ఎలా ఉన్నాయి అంటారా. మోడెర్నా, మెర్క్ కంపెనీలు కలిసి చేసిన ట్రయల్ ఒకటుంది, మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ఆపరేషన్ అయిన 157 మంది. అందరికీ పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందు ఇచ్చారు, కొందరికి దాంతోపాటు ఎవరిది వాళ్ళకి తయారుచేసిన వ్యాక్సిన్ ఇచ్చారు. వ్యాక్సిన్ కూడా తీసుకున్నవాళ్ళలో జబ్బు తిరగబెట్టడం లేదా చనిపోవడం అనే ముప్పు 44 శాతం తక్కువ కనపడింది. దాన్ని ఖాయం చేసుకోవడానికి 2023లో పెద్ద ట్రయల్ మొదలెట్టారు. ఇంకోటి న్యూయార్క్‌లో, పాంక్రియాస్ (క్లోమం) క్యాన్సర్‌కి, ఆపరేషన్ తర్వాత 16 మందికి ఇచ్చారు, 8 మందిలో కణాలు ఆ పాఠం నేర్చుకున్నాయి, ఆ 8 మందిలో జబ్బు తిరగబెట్టడం బాగా ఆలస్యమైంది. మిగతా 8 మందిలో నేర్చుకోలేదు. పాంక్రియాస్ క్యాన్సర్ ఎంత మొండిదో తెలిసినవాళ్ళకి ఇది చిన్న సంగతి కాదు, నాకైతే ఆ పేపర్ గురించి చదివిన రోజు కళ్ళు చెమర్చాయి. కానీ 16 మందే అమ్మా. ఆ పాంక్రియాస్ వాళ్ళకి వ్యాక్సిన్‌తోపాటు కీమో కూడా ఇచ్చారు, ఈ ముక్క అన్నయ్యగారికి తప్పకుండా చూపించండి.

ఇక పాతవి. 2010లో అమెరికాలో ప్రోస్టేట్ క్యాన్సర్‌కి ప్రొవెంజ్ అనే దానికి అనుమతి వచ్చింది, రోగి రక్తంలోంచే కణాలు తీసి, వాటికి బయట పాఠం చెప్పి మళ్ళీ ఎక్కిస్తారు. మీ ఏజెంట్ చెప్పే డెండ్రిటిక్ సెల్ అనేది ఈ జాతిదే. ఎంత లాభం? ముదిరిన జబ్బులో సగటున 4 నెలల ఆయుష్షు పెరిగింది, మూడు డోసులకి అప్పట్లో ఖర్చు 93,000 డాలర్లు. మీ భుజం మీద మచ్చ ఉంటుంది చూడండి, బీసీజీ, ఆ మందునే మూత్రాశయం క్యాన్సర్ కండరంలోకి దిగకముందు లోపలికి ఎక్కిస్తారు, అక్కడి రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టి గడ్డ మళ్ళీ రాకుండా చూస్తుంది, 1976 నుంచీ ఉన్న వైద్యం, మన దగ్గరా రోజూ చేస్తారు. మరోపక్క ఓడిపోయినవి కూడా చాలా ఉన్నాయి, వాటి వీడియోలు ఎవరూ పంపరు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి మేజ్-ఏ3 అనే వ్యాక్సిన్‌ని 2,200 మందికి పైగా చేర్చుకుని పరీక్షించారు, చిన్న ట్రయల్స్‌లో ఆశ పుట్టించింది, 2014లో లెక్క తేలేసరికి ఏ ఉపయోగం లేదు. గట్టి గడ్డల చుట్టూ ఒక వాతావరణం ఉంటుంది, కలుపు కూలీలు గట్టు దాకా వచ్చినా చేలో దిగనివ్వదు, పాఠం వచ్చినా పని జరగదు.

మీ అన్నయ్య చూసిన రష్యా వార్త 2025 సెప్టెంబర్‌లోది. అప్పుడు అక్కడి అధికారులు చెప్పింది ప్రీక్లినికల్ పరీక్షలు పూర్తయ్యాయని, అంటే మనుషుల మీద చేసే ట్రయల్స్ కంటే ముందు ల్యాబ్‌లో, జంతువుల మీద చేసేవి. అది చేతులు మారి మారి మన ఫోన్‌లోకి వచ్చేసరికి నూటికి నూరు శాతం అయి కూర్చుంది. అన్ని క్యాన్సర్ల మీదా, అందరికీ నూటికి నూరు పనిచేసే మందు ఇంతవరకు ఏదీ లేదు.

కాబట్టి వ్యాక్సిన్ నిజమే, మీ గుమ్మంలోకి వచ్చింది మాత్రం అది కాదు. అన్నయ్యతో "నువ్వు చెప్పేది అబద్ధం" అని వాదన మొదలెడితే ఆయన ఇంకో పది వీడియోలు తెస్తాడు. దానికి బదులు ఏజెంట్‌ని ఆయనచేతే కొన్ని అడిగించండి. ఇది ట్రయలా, మామూలు వైద్యమా? ట్రయల్ అయితే సీటీఆర్ఐ (మన దేశంలో ట్రయల్స్ నమోదుచేసే రిజిస్టర్) నంబర్ ఎంత? మన దేశంలో ప్రతి ట్రయల్ అక్కడ నమోదవ్వాలి, 2009 నుంచి తప్పనిసరి, ఆ సైట్‌లో నంబర్ కొడితే ఎవరైనా చూసుకోవచ్చు. ట్రయల్ మందుకి రోగి దగ్గర డబ్బు తీసుకోరు, పైగా దానివల్ల ఏదన్నా అయితే వైద్యం వాళ్ళే చేయించాలి, 2019 నిబంధనల్లో ఉంది. ట్రయల్ కాదు, మామూలు వైద్యమే అంటే డ్రగ్ కంట్రోలర్ అనుమతి కాగితం చూపించమనండి, ఏ క్యాన్సర్‌కి ఇచ్చారో అందులో రాసి ఉంటుంది. మూడోది, నాన్న గడ్డ ముక్క మీకు అక్కర్లేదా అని అడగమనండి. గడ్డని చూడకుండా "నీ కోసం ప్రత్యేకంగా చేసిన వ్యాక్సిన్" పది రోజుల్లో ఎలా రెడీ అవుతుంది? ఈ మూడింటికీ కాగితం మీద జవాబిస్తే ఆ కాగితం మీ ఆంకాలజిస్ట్‌కి చూపించండి. ఫోన్లోనే గొంతు పెంచితే, లేదా ఆఫర్ ఈ వారమే అంటే, అన్నయ్యకి ఆయనకే తెలిసిపోతుంది, మీరు నిరూపించక్కర్లేదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు. కీమో ఆపేసి ఆ క్లినిక్‌కి వెళ్ళడం ఒకటి. నాకు దీంట్లో భయం 14 లక్షల కంటే ఆ "కీమో ఆపేయండి" అన్న మాట. మీ నాన్నగారి గడ్డ తీసేశారు, ఇప్పుడిచ్చే కీమో కంటికి కనపడకుండా ఎక్కడన్నా దాక్కున్న కణాల కోసం. ఈ పనికి టైమ్ ఇదే, ఆరు నెలలు పోయాక మళ్ళీ దొరకదు. 1990లోనే అమెరికాలో పెద్ద స్టడీలో తేలింది, మూడో స్టేజ్ పెద్దపేగు క్యాన్సర్‌లో ఆపరేషన్ తర్వాత ఫ్లోరోయురాసిల్ అనే మందుతో కీమో ఇస్తే చావులు సుమారు మూడో వంతు తగ్గాయి. నాన్నగారు మింగే కాపెసైటబిన్ ఒంట్లోకి వెళ్ళి మారేది ఆ మందుగానే. పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్ తర్వాత కీమో మానేసి వ్యాక్సిన్ వేస్తే మేలని ఇలాంటి పెద్ద ట్రయల్‌లో తేలింది ఇంతవరకు లేదు. ఇది ఎంచుకుంటే చేతిలో ఉన్న రుజువైన మందుని వదిలేసి రుజువు లేనిదాన్ని పట్టుకున్నట్టు, తర్వాత తిరగబెడితే మళ్ళీ వైద్యానికి ఆ అరెకరం కూడా ఉండదు.

మావయ్యగారు చెప్పిన రెండూ చేద్దాం అన్నది వినడానికి పెద్దమనిషి తీర్పులా ఉంది, ఇంట్లో గొడవ సద్దుమణుగుతుంది కూడా. కీమో ఆగదు కాబట్టి మొదటిదాని కంటే నయమే. కానీ కీమో మధ్యలో తెల్లకణాలు తక్కువ ఉన్న మనిషికి, ఎక్కడో ఏ ల్యాబ్‌లో కలిపారో తెలీని ఇంజెక్షన్ ఎక్కిస్తే ఇన్ఫెక్షన్ వచ్చిందనుకోండి, కీమోకి ఎలాగూ గండి పడుతుంది. కీమో ఇచ్చే డాక్టర్‌కి చెప్పకుండా మాత్రం ఇది అస్సలు చేయకండి.

నిజమైన ట్రయల్‌లో చేరడం మూడో దారి. పెద్దపేగు క్యాన్సర్‌కి కూడా విదేశాల్లో ఎంఆర్ఎన్ఏ వ్యాక్సిన్ ట్రయల్స్ జరిగాయి, రెండో, మూడో స్టేజ్ ఆపరేషన్ అయ్యాక రక్తంలో గడ్డ తాలూకు డీఎన్ఏ ఇంకా కనపడుతున్నవాళ్ళని చేర్చుకున్నారు. సీటీఆర్ఐలో వెతకండి, డాక్టర్‌ని అడగండి, నాన్నగారికి సరిపోయేది దొరక్కపోవచ్చు, దొరికినా చీటీ వేసినట్టు వ్యాక్సిన్ గ్రూపో మామూలు వైద్యం గ్రూపో ఏది వస్తే అది. ఖర్చు ఉండదు, తిరగడం మాత్రం చాలా ఉంటుంది. అన్నయ్యకి ఏదో ఒకటి వెతికే పని కావాలి, ఈ పని ఆయనకి ఇవ్వండి, మనస్ఫూర్తిగా చెప్తున్నా.

నాలుగోది, ఉన్న కీమోనే నాన్నగారు భరించగలిగేలా చేసుకోవడం. మీ ఉత్తరంలో నాకు ఎక్కువ ఆశ కనపడింది ఇక్కడే. మీ రిపోర్ట్‌లో టీ3, ఎన్1 అని ఉంది కదా, మూడో స్టేజ్‌లో ఇది తక్కువ రిస్క్ గ్రూపు కిందకి వస్తుంది. 2018లో ఐడియా అనే స్టడీ వచ్చింది, 6 ట్రయల్స్ కలిపి 12,834 మంది. మీ నాన్నగారికి ఇస్తున్న ఈ జంట మందులే తీసుకున్న తక్కువ రిస్క్ వాళ్ళలో, 3 నెలలు వాడినవాళ్ళు మూడేళ్ళకి జబ్బు లేకుండా నూటికి 85 మంది ఉన్నారు, 6 నెలలు వాడినవాళ్ళు నూటికి 83 మంది. దాదాపు ఒకటే. చేతులు కాళ్ళ తిమ్మిర్లు మాత్రం 3 నెలల వాళ్ళలో చాలా చాలా తక్కువ. 3 నెలలంటే 4 సైకిల్స్. నాన్నగారికి మూడు అయ్యాయి! "డాక్టర్ గారూ, నాలుగుతో ఆపే అవకాశం ఉందా, ఎనిమిది ఎందుకు కావాలంటున్నారు" అని అడగండి. ఆయనకి మనకి కనపడని కారణం ఉండొచ్చు, పేగు మూసుకుపోయి ఆపరేషన్ అయిందా, రక్తనాళాల్లోకి పాకిందా ఇలాంటివి, ఆ కారణం చెప్పమనండి. ఆయన ఎనిమిదీ కావాలంటే అప్పుడు డోస్ తగ్గించడం, తిమ్మిర్లు ముదిరితే ఆక్సాలిప్లాటిన్ ఆపి మాత్రలు మాత్రం వాడటం, ఇవన్నీ డాక్టర్లు మామూలుగా చేసేవే. అరికాళ్ళ తోలు ఊడుతోందని ఆయనకి చెప్పారా అసలు? మనవాళ్ళు డాక్టర్ ముందు కూర్చుంటే "బానే ఉందండి" అనేస్తారు.

ఇంకో టెస్ట్ అడగండి, ఎంఎంఆర్ ఐహెచ్‌సీ అంటారు, లేదా ఎంఎస్ఐ, గడ్డ కణాలు తమ డీఎన్ఏలో తప్పులు దిద్దుకోగలుగుతున్నాయో లేదో చూసేది. తీసేసిన గడ్డ ముక్క మీదే చేస్తారు, కొన్ని వేల రూపాయల పని, మీరు పంపిన రిపోర్ట్‌లో అది లేదు. పెద్దపేగు క్యాన్సర్ వచ్చినవాళ్ళలో నూటికి పది పదిహేను మందికి ఇది తేడాగా వస్తుంది, ఎడమవైపు గడ్డైతే ఇంకా తక్కువ మందికి. తేడా వస్తే ఇమ్యూనోథెరపీ బాగా పనిచేసే జాతి అన్నమాట, రేపు అవసరం పడితే దారి ముందే తెలుస్తుంది, అన్నయ్య అడిగే "ఇమ్యూనిటీ వైద్యం" నిజంగా ఎవరికి పనికొస్తుందో చెప్పే టెస్ట్ ఇదే. తేడా రావడం ఒక్కోసారి వంశంలో వచ్చే జబ్బుకి గుర్తు కూడా, అప్పుడు మీ ఇద్దరికీ పరీక్షలు వెంటనే కావాలి. రాకపోయినా సరే, తండ్రికి వచ్చింది కాబట్టి 40 వచ్చేసరికి మీరిద్దరూ కొలనోస్కోపీ చేయించుకోండి, అన్నయ్యకి 38 అన్నారు, అట్టే టైమ్ లేదు.

కీమో అయ్యాక నడక. నవ్వకండి, 2025లో వచ్చిన ట్రయల్, పెద్దపేగు క్యాన్సర్‌కి కీమో పూర్తయిన 889 మంది, మూడేళ్ళు పద్ధతిగా వ్యాయామం చేయించిన వాళ్ళలో అయిదేళ్ళకి నూటికి 80 మంది జబ్బు లేకుండా ఉన్నారు, ఊరికే సలహా పుస్తకం ఇచ్చిన వాళ్ళలో 74 మంది. కాలవ గట్టు మీద పొద్దున్నే నడవడానికి తోట అమ్మక్కర్లేదు.

ఇక మీ అన్నయ్య. ఏడాది పాటు నాన్నకి రక్తం పడుతుంటే ఆయన మస్కట్‌లో ఉన్నాడు, నెలనెలా డబ్బు పంపాడు, ఫోన్లో "బాగున్నావా" అంటే "బాగున్నాన్రా" అన్న మాట నమ్మాడు. ఇప్పుడొచ్చి చూస్తే అన్నీ మీరు చూసుకుంటున్నారు, ఫైళ్ళు మీ దగ్గర, డాక్టర్‌తో మాట మీది. ఆయన చేయగలిగింది ఏదో ఒక పెద్ద పని, తోట అమ్మేంత పెద్దది. నేను చూసినంతలో ఇలాంటి ఏజెంట్ల చేతిలో పడేది డబ్బున్నవాళ్ళు కాదు, ఆలస్యంగా వచ్చామని కుమిలిపోయేవాళ్ళు. నాలుగో సైకిల్‌కి మీరు పక్కనుండి ఆయన్నే డాక్టర్ ఎదురు కుర్చీలో కూర్చోబెట్టండి, ప్రశ్నలు ఆయనచేతే అడిగించండి, ఐడియా స్టడీ సంగతి ఆయన నోటితోనే రానివ్వండి. వీలైతే రెండో అభిప్రాయానికి విశాఖలో టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ హాస్పిటల్‌కి ఇద్దరూ కలిసి వెళ్ళండి, అగనంపూడిలో ఉంది, దువ్వాడ స్టేషన్‌లో దిగితే దగ్గర.

వదిన మాటకి మాటతో జవాబు చెప్పకండి, చెప్పే కొద్దీ పెరుగుతుంది. ఇంట్లో అందరూ ఉన్నప్పుడు ఒక్కసారి అనండి, "నాన్నకి అన్నీ తెలిసి, ఆయన అమ్మమంటే నేను అడ్డు చెప్పను, నా సంతకం కావాలన్నా పెడతాను" అని. అలా అనగలరా? అనలేకపోతే ఎందుకు అనలేకపోతున్నారో మీరు మీతో నిజంగా మాట్లాడుకోండి, అందులో తప్పేం లేదు, పుట్టింటి తోట మీద ప్రేమ ఉండటం పాపం కాదు. లోన్ కాగితాలని చెప్పి సంతకం తీసుకోవడానికి మాత్రం ఎవరి కోసమైనా సరే ఒప్పుకోకండి. ఆ చెట్లు ఆయన పాతినవి. రిజిస్ట్రేషన్ అయ్యాక కొన్నవాడి మనుషులు దింపుకి వస్తే ఆ రోజు ఆయనకి ఏం చెప్తారు?

ఇప్పుడు నాన్నగారి దగ్గరికి. చెప్పడం అంటే కూర్చోబెట్టి "నీకు క్యాన్సర్" అనెయ్యడం కాదు. ముందు అమ్మగారికి మనవడి సంగతి చెప్పండి, ఆయనకి తెలుసని, ఆవిడ కోసమే దాస్తున్నారని. ఆవిడ ఏడుస్తారు, ఏడవనివ్వండి. తర్వాత జనం లేని వేళ చూసి మీరూ అన్నయ్యా ఇద్దరూ ఆయన పక్కన కూర్చుని అడగండి, "నాన్నా, నీ జబ్బు గురించి నువ్వేం అనుకుంటున్నావు? మమ్మల్ని ఏమన్నా అడగాలనుందా?" అని. అంతే, ఆపండి. ఆయన మాట్లాడితే ఆయన వాడిన మాటే మీరూ వాడండి. "నాకేం చెప్పొద్దు, మీరే చూసుకోండి" అంటే అదీ ఆయన ఇష్టమే, అప్పుడు ఒక్కటే అడగండి, మీ తరపున నిర్ణయం ఎవరు తీసుకోవాలి అని. మీ నోట రాకపోతే డాక్టర్‌ని చెప్పమనొచ్చు, ముందురోజు ఫోన్ చేసి అడిగితే పది నిమిషాలు ఇస్తారు.

దీనివల్ల ఏం జరగొచ్చో కూడా దాచను. ఇన్నాళ్ళు దాచారని కోప్పడొచ్చు. నాలుగు రోజులు అన్నం తినకపోవచ్చు. కీమో ఇక వద్దు అనొచ్చు, అప్పుడు మీరు పైన చెప్పినవన్నీ ఆయనకే చెప్పి, ఇంకొక్క సైకిల్‌తో అయిపోవచ్చేమో డాక్టర్‌ని అడుగుదాం అనొచ్చు, ఆపైన ఆయన మాటే. అన్నీ విని తోట అమ్మి ఆ వ్యాక్సినే వేయించమని అన్నా అనొచ్చు, అప్పుడు మీకు నచ్చకపోయినా అది కొడుకు మోసపోయి తీసుకున్న నిర్ణయం అవదు, ఆయన తెలిసి తీసుకున్నది అవుతుంది. చెప్పకపోతే? ఆయన మాత్రల షీట్లు దిండు కింద దాచుకుంటూ, పిల్లాడిని అడుగుతూ, రాత్రి ఒక్కరే మేలుకుని ఉంటారు.

రేపేదన్నా అయితే నీవల్లే అంటారని భయపడ్డారు. అనొచ్చు. మూడో స్టేజ్‌లో అన్నీ సరిగ్గా చేసినా కొందరికి తిరగబెడుతుంది, ఆ మాట ముందే డాక్టర్ నోటితో నాన్నగారి ఎదురుగా అందరూ వింటే అప్పుడు ఒక్కరి మీద పడదు.

నాలుగో సైకిల్ వచ్చే గురువారం అని రాశారు. ఆ లోపు ల్యాబ్‌కి ఫోన్ చేసి బయాప్సీ బ్లాక్‌లు ఎక్కడున్నాయో కనుక్కోండి, టెస్ట్‌కీ రెండో అభిప్రాయానికీ అవే కావాలి, కొన్నిచోట్ల అడిగిన రోజునే ఇవ్వరు. వెళ్ళేటప్పుడు ఫ్లాస్క్‌లో గోరువెచ్చటి నీళ్ళు పట్టుకెళ్ళండి, కీమో అయ్యాక అయిదారు రోజులు ఫ్రిజ్‌లోది ఏదీ ఇవ్వకండి, కొబ్బరి బోండాం అయినా ఐస్‌లో పెట్టింది వద్దు. కారులో ఏసీ ఉంటే ఆ ఏసీ ఆపించండి, చేతులకి గ్లవ్స్, కాళ్ళకి మెత్తటి సాక్సులు వేయండి. తిరిగొచ్చేటప్పుడు ముందు సీట్లో నాన్నగారు, పక్కన డ్రైవింగ్ అన్నయ్య చేస్తే మంచిది, మీరు వెనక కూర్చోండి.